ట్రెయిలర్ టైర్ల అలారాన్ని ఏ అంకె దగ్గర మోగించాలి?

కొత్త టైర్ ప్రెషర్ మానిటర్ పెట్టె విప్పి, సెన్సర్లను ఒక్కొక్కటిగా ట్రెయిలర్ చక్రాల వాల్వులకు బిగించిన తరువాత, బండిలో మన ఎదురుగా పెట్టుకునే చిన్న తెర మూడు అంకెలు అడుగుతుంది. గాలి ఎంతకు తగ్గితే మోగాలి, ఎంతకు పెరిగితే మోగాలి, వేడి ఎంత దాటితే మోగాలి అన్నవే ఆ మూడూ. చాలామంది కంపెనీ ముందే పెట్టి పంపిన అంకెలను అలాగే ఉంచేస్తారు, లేదా సూచనల పుస్తకంలో ఉన్న శాతాన్ని లెక్కవేసి నింపేస్తారు. ఇక్కడ టెక్సస్‌లో, డాలస్ చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాలలో కూడా కొందరు ట్రావెల్ ట్రెయిలర్లు (బండి వెనక తగిలించి లాగే చక్రాల ఇళ్లు) కొనుక్కుని గానీ, అద్దెకు తీసుకుని గానీ పిల్లల సెలవుల్లో కొలరాడో కొండలకు వెళ్తున్నారు కనుక, ఈ అంకెలను నేను ఏ లెక్కతో నిర్ణయించుకున్నానో వివరంగా రాయాలనిపించింది. నా అభిప్రాయం ముందే చెప్తాను. తక్కువ గాలి అలారాన్ని ఆ టైరు మోస్తున్న బరువును బట్టి లెక్కించాలి. ఆ లెక్కను రోడ్డు మీద పరుగెత్తి వేడెక్కిన టైరుకు చేయాలి.

శాతం లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే అది ట్రెయిలర్‌కు ఎందుకు సరిపడదో అర్థమవుతుంది. ఫైర్‌స్టోన్ టైర్ల ట్రెడ్, అంటే రోడ్డుకు తగిలే పై పొర, ఊడిపోయి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లు బోల్తా పడిన ఉదంతాల తరువాత అమెరికా కాంగ్రెస్ 2000లో ట్రెడ్ చట్టం చేసింది. ఆ చట్టం ఫలితంగా వచ్చిన 138వ నంబరు ఫెడరల్ భద్రతా ప్రమాణం ప్రకారం, 2007 సెప్టెంబరు నుంచి, 10,000 పౌండ్లకు మించని కార్లు, వ్యాన్లు, పికప్‌లు అన్నింటిలో గాలి తగ్గితే వెలిగే హెచ్చరిక దీపం తప్పనిసరి అయింది. టైరులో గాలి, తలుపు పక్కన అంటించిన లేబుల్ మీది అంకె కన్నా 25 శాతం తగ్గేసరికి ఆ దీపం వెలగాలి. ఈ నియమం ట్రెయిలర్లకు వర్తించదు. ట్రెయిలర్‌కు మనం వేరుగా కొనుక్కునే పరికరంలో అంకె పెట్టే బాధ్యత మనదే. చట్టంలో ఉంది కదా అని ఆ 25 శాతాన్నే తెచ్చి ట్రెయిలర్‌కు అంటగట్టడం మంచిది కాదని నేను గట్టిగా నమ్ముతాను. కారు టైరులో గాలి తగ్గితే స్టీరింగ్ ఒక వైపు లాగుతుంది, కుదుపు మారుతుంది, నడిపేవాడికి చేతుల్లోనే తెలుస్తుంది. ట్రెయిలర్ టైరు మన సీటుకు ముప్పై నలభై అడుగుల వెనక ఉంటుంది. నాలుగు చక్రాలలో ఒకటి చప్పబడితే ఆ బరువును అదే వైపున ఉన్న పక్క చక్రం మోసేస్తుంది కనుక, టైరు పగిలి రబ్బరు ముక్కలు అద్దంలో కనబడేదాకా ముందున్నవారికి ఏమీ తెలియకపోవచ్చు. ఆ ముక్కలు చక్రం మీది రేకును చీల్చి, పైన ఉన్న వైర్లనో నీటి గొట్టాలనో తెంచడం కూడా సాధారణమే. మన ఊళ్లలో లారీ ఆగిన ప్రతి చోటా క్లీనర్ దిగి, ఇనుప కడ్డీతో ఒక్కో టైరునూ కొట్టి, శబ్దాన్ని బట్టి గాలి దిగినదాన్ని పట్టుకునేవాడు. ఇక్కడి ట్రక్కు డ్రైవర్లలోనూ ఆ అలవాటు ఉంది. రోడ్డు మీద ఆగకుండానే ఆ పని చేసిపెట్టేది ఈ సెన్సరు.

ఇక లెక్కలోకి వస్తాను. నా ట్రెయిలర్‌కు రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు. టైరు కొలత ఎస్‌టీ (స్పెషల్ ట్రెయిలర్) 225/75 ఆర్ 15, ఎంత బరువుకు తగినదో చెప్పే అక్షరం, అంటే లోడ్ రేంజ్, 'ఈ'. ఇది ట్రావెల్ ట్రెయిలర్లలో చాలా మామూలుగా కనబడే కొలత. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద రాసి ఉన్నదాని ప్రకారం, చల్లగా ఉన్నప్పుడు 80 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) గాలి ఉంటే ఈ టైరు 2,830 పౌండ్లు మోస్తుంది. ఇదే కొలతలో లోడ్ రేంజ్ డి టైరు 65 పీఎస్‌ఐ వద్ద 2,540 పౌండ్లు, లోడ్ రేంజ్ సి టైరు 50 పీఎస్‌ఐ వద్ద 2,150 పౌండ్లు మోస్తాయి. ఈ మూడూ ఒకే పట్టికలోని మెట్లు. ఈ టైరులో గాలి 65కు తగ్గితే దాని మోత శక్తి కూడా 2,540కి దిగిపోయిందనే అర్థం, సైడ్‌వాల్ మీద ఎంత పెద్ద అంకె ఉన్నా సరే. బరువు మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. చల్లగా ఉండటమంటే కనీసం మూడు గంటలు నిలిపి ఉంచి, ఎండ తగలని స్థితిలో కొలవడం.

తరువాత తెలియవలసింది మన చక్రం నిజంగా ఎంత మోస్తోందన్నది. ట్రెయిలర్ లేబుల్ మీది గరిష్ఠ బరువు చూసి ఊహించడం సరిపోదు. హైవేల పక్కన ట్రక్కులు ఆగే పెద్ద స్టేషన్లలో ఉండే క్యాట్ స్కేల్ అనే తూకపు వేదిక మీదికి, ప్రయాణానికి సిద్ధంగా సామాను, నీళ్లు, గ్యాసు అన్నీ నింపిన స్థితిలో తీసుకువెళ్తే, కొద్ది డాలర్లకే లాగే పికప్ ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రెయిలర్ ఇరుసుల బరువులు విడివిడిగా అచ్చువేసి ఇస్తారు. నా ట్రెయిలర్ రెండు ఇరుసుల మీద కలిపి సుమారు 8,700 పౌండ్లు వచ్చింది. నాలుగుతో భాగిస్తే చక్రానికి 2,175. కానీ బరువు నాలుగు చక్రాల మీద ఎన్నడూ సమానంగా పడదు. ఫ్రిజ్జు, వంటగది, బయటికి జరిగే గది భాగం ఒకే వైపు ఉన్న నమూనాలలో ఆ వైపు చక్రాలు ఎక్కువ మోస్తాయి. చక్రాలను విడివిడిగా తూచే అవకాశం దొరికేదాకా నేను పది శాతం కలుపుకుని, అన్నిటికన్నా బరువైన చక్రం 2,400 పౌండ్లు మోస్తోందని అనుకుంటున్నాను. పట్టిక మెట్ల మధ్య లెక్కగడితే దానికి కనీసం 60 పీఎస్‌ఐ కావాలి. అది అంచు, అంచు మీద నడపకూడదు కనుక 64, 65 దగ్గర గీత గీసుకోవాలి.

ఇంతవరకూ చాలామంది వస్తారు. "80 నింపుతున్నాను, 65 కన్నా తగ్గకూడదు, కాబట్టి అలారం 65" అని పెట్టేస్తారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. పట్టికలోని 65 చల్లని టైరుది. సెన్సరు చూపించే అంకె రోడ్డు మీద వేడెక్కిన టైరుది. ఈ రెండిటికీ మధ్య తేడా చిన్నది కాదు.

మూసి ఉన్న గాలి వేడెక్కితే దాని పీడనం పెరుగుతుంది. అయితే ఆ లెక్కకు గేజీ చూపే అంకె నేరుగా పనికిరాదు. గేజీ చూపేది బయటి వాతావరణం కన్నా ఎంత ఎక్కువ ఉందన్నది మాత్రమే. సముద్ర మట్టంలో వాతావరణ పీడనం 14.7 పీఎస్‌ఐ కనుక దాన్ని కలపాలి. ఫారెన్‌హీట్ ఉష్ణోగ్రతకు 460 కలపాలి. అప్పుడు రెండూ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి. ఉదయం 60 డిగ్రీలప్పుడు 80 పీఎస్‌ఐ నింపామనుకోండి. అసలు పీడనం 94.7, ఉష్ణోగ్రత 520. రోడ్డు మీద టైరు లోపలి గాలి 140 డిగ్రీలకు చేరితే ఉష్ణోగ్రత 600. 94.7ను 600తో గుణించి 520తో భాగిస్తే 109.3 వస్తుంది, అందులోంచి 14.7 తీసేస్తే తెర మీద 94 లేక 95 కనబడుతుంది. ఏ లోపమూ లేని టైరు మధ్యాహ్నం చూపించే అంకె ఇది. వేడి టైరు నుంచి గాలి తీయకూడదని అంత గట్టిగా చెప్పడానికి కారణం కూడా ఇదే.

ఇప్పుడు ఇదే లెక్కను వెనక్కి నడిపించి చూద్దాం. చట్టంలోని 25 శాతం ప్రకారం అలారాన్ని 60 దగ్గర పెట్టామనుకుందాం. టైరులోకి మేకు దిగి, వేడి టైరులోంచి గాలి నెమ్మదిగా పోతూ, 95 నుంచి 60కి వచ్చినప్పుడు అలారం మోగింది. ఆ క్షణంలో టైరులో మిగిలిన గాలిని 60 డిగ్రీలకు చల్లార్చి కొలిస్తే ఎంత ఉంటుంది? 74.7ను 520తో గుణించి 600తో భాగిస్తే 64.7, గేజీ మీద సరిగ్గా 50 పీఎస్‌ఐ. పట్టిక ప్రకారం 50 పీఎస్‌ఐ మోయగలిగేది 2,150 పౌండ్లు. నా బరువైన చక్రం సంగతి అటుంచి, నాలుగు చక్రాల సగటు బరువు 2,175కు కూడా ఆ గాలి చాలదు. అలారం తన పని సరిగ్గానే చేసింది, చెప్పిన అంకె దగ్గరే మోగింది, కానీ అప్పటికే ఆ టైరు మైళ్ల తరబడి తన శక్తికి మించి మోస్తూ, ప్రతి తిప్పుకూ ఎక్కువగా వంగుతూ, లోపలి పొరలను కాల్చుకుంటూ వచ్చింది.

పైగా, గాలి తగ్గిన టైరు ఎక్కువగా వంగుతుంది, వంగినందువల్ల మరింత వేడెక్కుతుంది, వేడెక్కినందువల్ల మిగిలిన గాలి పీడనం పెరుగుతుంది. అంటే నెమ్మదిగా గాలి పోతున్న టైరు, ఆ నష్టాన్ని తన వేడితోనే కొంత కప్పిపుచ్చుతుంది. నాలుగు చక్రాలలో ఒకటి మిగతావాటి కన్నా వేడిగా ఉండి, పీడనం మాత్రం వాటి కన్నా తక్కువ చూపిస్తుంటే, అలారం మోగకపోయినా ఆ చక్రాన్ని దిగి చూడాలి. నా దృష్టిలో ఈ పరికరం ఇచ్చే సమాచారంలో అన్నిటికన్నా విలువైనది ఈ పోలికే.

పది శాతం తక్కువగా, 72 దగ్గర పెడితే? వేడి టైరు మీద 72 అంటే చల్లగా 60కి సమానం. నా బరువైన చక్రానికి అది సరిగ్గా అంచు. అయిదు శాతం తక్కువగా, 76 దగ్గర పెడితే చల్లని లెక్కలో 64 వస్తుంది. నేను గీసుకున్న గీత అదే. 64 మరో విధంగా కూడా ముఖ్యమైన అంకె. పెద్ద ట్రక్కుల టైర్ల పనివారు పాటించే నియమం ఒకటి ఉంది: ఉండవలసిన గాలిలో 80 శాతానికి గానీ, అంతకన్నా కిందికి గానీ పడిపోయి నడిచిన టైరును గాలి లేకుండా నడిచిన టైరుగానే భావించి, చక్రం నుంచి విప్పి లోపల పరీక్షించకుండా మళ్లీ గాలి కొట్టకూడదు. 80లో 80 శాతం 64. అంటే 76 దగ్గర మోగే అలారం, టైరు ఆ హద్దును చేరే సమయానికి మోగుతుంది. 72 దగ్గర మోగేది హద్దు దాటాక మోగుతుంది. అందుకే నా తక్కువ గాలి అలారం 76 దగ్గర ఉంది. మరొకరి ట్రెయిలర్ తేలికైనదైతే 74 చాలవచ్చు. మరింత బరువైనదైతే 78 కావాలి. అంకెను కాక, లెక్క వేసే పద్ధతిని తీసుకోమని నా మనవి.

దీనికి ఒక ఇబ్బంది ఉంది, దాన్ని దాచను. ఇంత పైన పెట్టిన అలారం చల్లని ఉదయాల్లో టైరులో ఏ లోపమూ లేకుండానే మోగుతుంది. జులైలో డాలస్‌లో 95 డిగ్రీల వేడిలో 80 నింపుకుని, ఫోర్ట్‌వర్త్ మీదుగా 287వ నంబరు హైవే పట్టుకుని అమరిల్లో వెళ్లి, అక్కడి నుంచి రేటన్ కనుమ దాటి, ఇంటర్‌స్టేట్ 25 మీద డెన్వర్ వైపు సాగి, ఎస్టెస్ పార్క్ చేరామనుకోండి. అక్కడ ఎత్తు 7,500 అడుగుల పైమాటే. వేసవిలో కూడా తెల్లవారుజామున చలి 35, 40 డిగ్రీలకు దిగే రోజులు ఉంటాయి. చలి ఒక్కదాన్నే లెక్కవేస్తే 80 కాస్తా 70కి పడిపోవాలి. కానీ ఎత్తు పెరిగేకొద్దీ బయటి వాతావరణ పీడనం వెయ్యి అడుగులకు దాదాపు అర పీఎస్‌ఐ చొప్పున తగ్గుతుంది కనుక, గేజీ అంకె ఆ మేరకు పెరుగుతుంది. రెండూ కలిపితే ఉదయం తెర మీద 73 కనబడుతుంది. అలారం మోగుతుంది, పిల్లలు నిద్ర లేస్తారు.

ఆ మోతకు భయపడనవసరం లేదు, అలాగని నొక్కి ఊరుకోకూడదు. నాలుగు టైర్లూ ఒకేలా తగ్గి ఉంటే కారణం చలి. ఒక్కటే మిగతావాటి కన్నా నాలుగైదు పీఎస్‌ఐ తక్కువగా ఉంటే కారణం ఆ టైరులోనే ఉంది. 73 నా బరువుకు చాలినంత గాలే కనుక, మళ్లీ వేడి ప్రదేశానికి తిరిగి వచ్చే ప్రయాణమైతే నేను అలాగే ఉంచుతాను. కొండల్లోనే కొన్నాళ్లు తిరిగేటట్లయితే చిన్న కంప్రెసర్‌తో 80కి నింపి, టెక్సస్‌కు తిరిగొచ్చాక ఒక చల్లని ఉదయం సరిచేస్తాను. ఉదయం పూట అనవసరంగా మోగే అలారం నాకు ఒక గేజీ పరీక్ష ఖర్చు మాత్రమే. మధ్యాహ్నం హైవే మీద మోగవలసిన సమయంలో మౌనంగా ఉన్న అలారం ఖర్చు అంతకన్నా చాలా పెద్దది. ఉదయపు మోత తప్పించుకోవడానికి అంకెను కిందికి దించే స్నేహితులతో నేను వాదించేది ఇదే.

ఎక్కువ గాలి అలారానికి ఇంత ఆలోచన అక్కరలేదు. నేను చల్లని అంకెకు 25 శాతం పైన, 100 దగ్గర పెట్టాను. 20 శాతం, అంటే 96, టెక్సస్ ఆగస్టుకు చాలదు. ఎండ తగిలే వైపు టైర్లు మామూలుగానే 94, 95 చూపిస్తాయి, రేటన్ లాంటి ఎత్తైన చోట మరో మూడు పీఎస్‌ఐ తోడవుతుంది. నాలుగూ కలిసి 100కు చేరుకుంటున్నాయంటే బరువో, వేగమో ఎక్కువైందని అర్థం. ఎస్‌టీ టైర్లు మొదటి నుంచీ గంటకు 65 మైళ్ల వేగానికి ఉద్దేశించినవి. ఇప్పుడు అంతకు మించిన వేగాన్ని సూచించే అక్షరం సైడ్‌వాల్ మీద ఉన్న టైర్లు వస్తున్నాయి కానీ, మీ టైరు మీద ఆ అక్షరం లేకపోతే 65 దాటకండి. టెక్సస్ రోడ్ల మీద 75 బోర్డు కనబడినా అది టైరుకు ఇచ్చిన అనుమతి కాదు.

ఉష్ణోగ్రత అలారం చాలా పరికరాలలో 158 డిగ్రీల దగ్గర, అంటే 70 సెల్సియస్ దగ్గర వస్తుంది. నేను దాన్ని మార్చలేదు, కానీ దాని మీద ఆధారపడను కూడా. వాల్వు కొసన బిగించే సెన్సరు బయటి గాలిలో ఉంటుంది, వేగానికి వీచే గాలి దాన్ని చల్లబరుస్తుంది, కనుక అది చూపించేది టైరు లోపలి వేడి కన్నా తక్కువే. అది 158 చూపించేసరికి లోపల పరిస్థితి చెయ్యి దాటి ఉండవచ్చు. ఒకే వైపు ఉన్న రెండు చక్రాలను పోల్చి, ఒకటి రెండోదాని కన్నా ఇరవై డిగ్రీలు ఎక్కువ ఉంటే ఆగి, పరారుణ థర్మామీటరుతో హబ్‌ను, అంటే చక్రం నడిమి భాగాన్ని, చూడటం నేను పాటించే పద్ధతి. బ్రేకు పట్టేసి వదలకపోయినా, బేరింగులో గ్రీజు అయిపోయినా ఆ వేడి చక్రం మీదుగా వాల్వుకు చేరి ఇక్కడ బయటపడుతుంది.

అంకెలు ఎంత సరిగ్గా పెట్టినా వాటిని పాడుచేసేవి రెండు ఉన్నాయి. ఒకటి సెన్సరుకూ గేజీకీ మధ్య తేడా. సెన్సరు రెండు మూడు పీఎస్‌ఐ అటూ ఇటూ చూపించడం మామూలే. నమ్మకమైన గేజీతో ఒక్కో చక్రాన్నీ పోల్చి, ఎక్కువ చూపించే సెన్సరు ఏదో రాసుకోవాలి. మూడు ఎక్కువ చూపించే సెన్సరు మీద 76 అలారం నిజానికి 73 దగ్గర మోగుతుంది. రెండోది వాల్వు. రబ్బరుతో చేసిన మామూలు వాల్వు 65 పీఎస్‌ఐకి మాత్రమే ఉద్దేశించినది. 80 నింపే చక్రానికి ఎక్కువ పీడనానికి తగిన వాల్వు, సెన్సరు బరువు కూడా మోయాలి కనుక లోహపు వాల్వు ఉండాలి. రబ్బరు వాల్వు మీద సెన్సరు ఊగి ఊగి వాల్వు మొదలు దగ్గర పగుళ్లిస్తే, గాలి పోవడానికి కారణం మనం పెట్టుకున్న కాపలాదారే అవుతుంది.

ఈ పరికరం చెప్పలేనివి కూడా చెప్పాలి. ట్రెడ్ పొరలు లోపల విడిపోతుంటే గాలి చివరి క్షణం వరకూ నిండుగానే ఉంటుంది, ఏ అంకె పెట్టినా అలారం మోగదు. దానికి టైరు మీద చెయ్యి పెట్టి ఉబ్బులు తడిమి చూడటమే మార్గం. రోడ్డు మీది ఇనుప ముక్క సైడ్‌వాల్‌ను చీల్చితే హెచ్చరికకు సమయమే ఉండదు. సెన్సర్లు మామూలుగా కొన్ని నిమిషాలకు ఒకసారి మాత్రమే అంకె పంపుతాయి, గాలి వేగంగా పడిపోతుంటే వెంటనే పంపుతాయి. ఈ వేగపు అలారం మన అంకెతో సంబంధం లేకుండా పనిచేస్తుంది కనుక, మెనూలో దాన్ని ఆపివేసే వీలున్నా ఎన్నడూ ఆపకండి.

పికప్ టైర్లకు, ట్రెయిలర్ టైర్లకు వేర్వేరు గుంపులుగా అంకెలు పెట్టుకోవాలి, పికప్ ముందు టైర్లూ వెనక టైర్లూ కూడా ఒకే అంకె మీద ఉండనవసరం లేదు. స్టెప్నీకి కూడా సెన్సరు పెట్టాను. దాని మీద బరువు లేదు, వేడీ లేదు, కనుక దానికి అలారం 70 దగ్గర చాలు. టైర్లు మార్చినా, సామాను బాగా పెరిగినా క్యాట్ స్కేల్ దగ్గర నుంచి లెక్క మళ్లీ మొదలుపెట్టాలి.